పది అనేలోగా

జరగబోయేది ముందే చెప్పేసేవాళ్ళు అందరి బంధువుల్లోనూ ఒకరో ఇద్దరో వుంటారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే "ఈ సంబంధం కుదరదు, రాసిపెట్టుకోండి" అంటారు. పసివాడు పలకమీద 'అ' వంకరగా దిద్దితే "వీడికి చదువు అబ్బదు" అంటారు. కొత్త కోడలు చారులో ఉప్పు వెయ్యటం మరిచిపోతే చాలు, ఆ కాపరం రాబోయే పాతికేళ్ళూ ఎలా వుంటుందో చెప్పేస్తారు. అన్నట్టే జరిగితే "నేను ముందే అనలా?" అంటారు. జరక్కపోతే ఆ మాట ఎవరికీ గుర్తుండదు. అన్నవాళ్ళకి అసలే గుర్తుండదు.

మనవాళ్ళు గడపలో కూర్చుని ఉచితంగా చేసే ఈ పనిని లక్షలూ కోట్లూ పెట్టి చేసే లోకం ఒకటుంది. అది బాక్సింగ్. అప్పుడే పేజీ తిప్పెయ్యకండి! చొక్కాల్లేని ఇద్దరు మగవాళ్ళు చేతులకి చిన్న దిండ్లలాంటివి తొడుక్కుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు పగలగొట్టుకునే ఆటలో మనకేం పని అని మీరనుకోవటం సహజమే. ఆ దెబ్బలు చూస్తుంటే నాకూ కడుపులో తిప్పుతుంది. కాని ఆ ఆటలో ఒక చిన్న నియమం వుంది. దాని సంగతి చెప్పటానికే ఈ నాలుగు మాటలూ.

ముందు పందేల సంగతి. డబ్బు తీసుకుని ఆడే బాక్సింగులో, పోటీకి ముందు ఎవడు గెలుస్తాడో అంచనా కట్టి దానికో ధర పెడతారు. తప్పకుండా గెలుస్తాడని అందరూ అనుకునేవాడిమీద రూపాయి కాస్తే వచ్చే లాభం ఒక్కోసారి పావలా కూడా వుండదు. ఓడిపోతాడనుకునేవాడిమీద కాసి, వాడు కాస్తా గెలిస్తే రూపాయికి ఏడో పదో వస్తాయి. అంటే, ఒక మనిషిని లోకం ఎంత తక్కువగా లెక్కకట్టిందో ఆ అంకె చెబుతుందన్నమాట. మనవాళ్ళు పెదవి విరిచి చెప్పేదాన్ని వాళ్ళు అంకె వేసి బోర్డుమీద రాస్తారు. అంతే తేడా.

ఈ వ్యవహారం మా ఇంట్లో అడుగుపెట్టింది మా అబ్బాయి మూలంగా. కాలేజీ సెలవులకి వచ్చినప్పుడల్లా పాత పోటీలన్నీ టీవీలో పెట్టుకుని చూస్తాడు. వాడి పక్కన మా అత్తగారు. ఎనభై రెండేళ్ళ మనిషి. దీపం పెట్టుకున్నాక వత్తులు చేసుకుంటూ, మొదట్లో మనవడి పక్కన కూర్చోవచ్చుకదా అని చూసేవారు. పోనుపోను వాడు వూళ్ళో లేనప్పుడు కూడా "ఆ కొట్టుకునేవాళ్ళని కాస్త పెట్టవే అమ్మాయ్" అనటం మొదలుపెట్టారు.

ఆవిడ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "వీళ్ళిద్దర్లో తల్లి వున్నది ఎవడికిరా?"

"ఇద్దరికీ వుంటార్లే బామ్మా."

"వుండటం కాదురా. వెనకాల వుందా అని."

బాక్సింగు గురించి ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని మావాడు పకపకా నవ్వాడు. కాని 1990లో టోక్యోలో జరిగిన పోటీ పెట్టిన రోజున వాడు నవ్వలేదు.

మైక్ టైసన్ పేరు మీరూ వినే వుంటారు. అప్పటికి అతని వయసు 23. ఆడినవి 37 పోటీలు, గెలిచినవీ 37. వాటిలో 33 నాకౌట్లు. కొందరు అతన్ని చూడగానే సగం ఓడిపోయేవారట. అతనికి ఎదురు నిలబడ్డవాడు జేమ్స్ డగ్లస్. 'బస్టర్' అని పిలుస్తారు. వయసు 29. అంతకుముందే నాలుగుసార్లు ఓడినవాడు. ఈ పోటీమీద పందేలు కట్టించుకోవటమే దండగని లాస్‌వేగాస్‌లో చాలాచోట్ల వూరుకున్నారు. మిరాజ్ అనే హోటలువాళ్ళు మాత్రం ధర పెట్టారు. 42కి 1. డగ్లస్ మీద ఒక్క రూపాయి కాసి, అతను గెలిస్తే 42 రూపాయలిస్తారన్నమాట. 'వీడివల్ల కాదు' అన్న మాటని ఇంతకన్నా స్పష్టంగా చెప్పటం ఎవరివల్లా కాదు.

వాడివల్ల అవుతుందన్న మనిషి ఒకావిడ వుంది. డగ్లస్ తల్లి, లూలా పెర్ల్. నా కొడుకు టైసన్ని ఓడిస్తాడని కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకునేదట. ఆవిడ పోటీకి సరిగ్గా 23 రోజుల ముందు పోయింది.

అత్తగారి చేతిలో వత్తి ఆగిపోయింది. "అయ్యో, నెల మాసికమైనా కాలేదుటరా! వాడెందుకొచ్చాడూ?" అన్నారు.

ఎందుకొచ్చాడో చూడండి. ఫిబ్రవరి 11, టోక్యో డోమ్. మొదటి రౌండునించే డగ్లస్‌ది పైచెయ్యి. పొడుగు చేతులవాడు కదా, టైసన్ని దగ్గరికి రానివ్వకుండా ఎడంచేత్తో పొడుస్తూ, వచ్చినప్పుడల్లా కుడిచేత్తో అంటిస్తూ వున్నాడు. టైసన్ ఎడమ కన్ను వాచిపోయింది. ఎనిమిదో రౌండు ఇంకొద్ది సెకన్లలో అయిపోతుందనగా టైసన్ చెయ్యి కిందనించి పైకి లేచి డగ్లస్ గడ్డానికి తగిలింది. అంత మనిషీ వెల్లకిలా పడ్డాడు. ఇంకేముంది, లోకం అనుకున్నదే అయింది. రిఫరీ లెక్క మొదలుపెట్టాడు. డగ్లస్ కిందనించే చేత్తో నేలమీద ఒక్క గుద్దు గుద్దాడు. తనమీద తనకే కోపం వచ్చినట్టు. తొమ్మిది అనేసరికి లేచి నిలబడ్డాడు. గంట మోగింది.

పదో రౌండులో పడింది టైసన్. అంతకుముందు ఏ పోటీలోనూ నేల కరవనివాడు, నోట్లోంచి జారిపోయిన పళ్ళ కవచం కోసం మోకాళ్ళమీద నేలంతా తడుముకున్నాడు. దాన్ని అందుకుని, ఒక కొస బయటికి వేలాడుతుండగా నోట్లో కుక్కుకుని, లేవబోయాడు. ఈలోగా పదీ అయిపోయింది. రిఫరీ అతన్ని రెండుచేతులా పట్టుకున్నాడు. ఆ రోజున గొప్పవాడికీ పదే, అనామకుడికీ పదే.

ఎలా గెలిచావని రింగులోనే అడిగితే డగ్లస్ మా అమ్మవల్ల అని చెప్పి ఏడ్చాడు. మా అత్తగారు మనవడివైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వత్తి అందుకున్నారు.

ఇందాక నేను చెబుతానన్న నియమం ఈ పది అంకెలే. పాదాలు తప్ప ఒంట్లో మరే భాగం నేలకి తగిలినా ఆ మనిషి పడిపోయినట్టు లెక్క. పడిపోయినవాణ్ణి కొట్టకూడదు. కొట్టినవాడు దూరంగా, ఎవరికీ చెందని ఒక మూలకి వెళ్ళి నిలబడాలి. అప్పుడు రిఫరీ ఒకటినించి పదిదాకా పైకి వినపడేలా లెక్కపెడతాడు. పది అనేలోగా లేస్తే పోటీ నడుస్తుంది. లేవకపోతే అయిపోయింది. అనుభవం వున్నవాడు పడగానే గభాలున లేవడు. తల తిరుగుతున్నప్పుడు లేస్తే మళ్ళీ పడతాడు కనక, ఒక మోకాలిమీద వుండి, వూపిరి పీల్చుకుని, ఎనిమిదో తొమ్మిదో అన్నప్పుడు లేస్తాడు. ఈ రోజుల్లో అయితే వెంటనే లేచి నిలబడ్డా సరే, ఎనిమిదిదాకా లెక్కపెట్టి కళ్ళలోకి చూసిగాని వదలరు.

మోటు ఆట అంటాం గాని, పడ్డవాణ్ణి కొట్టకూడదనీ, కొట్టినవాడు దూరంగా జరగాలనీ, లేవటానికి వ్యవధి ఇవ్వాలనీ రాసిపెట్టుకున్నారు చూశారా! మన పరామర్శలకి ఇటువంటి నియమావళి ఒకటి వుంటే ఎంత బావుండును.

ఈ లెక్కమీద తగాదాలూ లేకపోలేదు. డగ్లస్ పడ్డప్పుడు రిఫరీ నెమ్మదిగా లెక్కపెట్టాడనీ, గడియారం ప్రకారం పది దాటిపోయిందనీ టైసన్ పక్షంవాళ్ళు పెద్ద గొడవ చేశారు. బాక్సింగు సంఘాల్లో రెండు మొదట ఆ మాటకి తలొగ్గి గెలుపుని ఆపి వుంచాయి కూడా. జనం మండిపడేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గాయి. కింద పడ్డవాడికి వినపడేది రిఫరీ గొంతు గాని గోడమీది గడియారం కాదుగా!

ఈ తగాదా కొత్తది కాదు. 1926లో ఫిలడెల్ఫియాలో జాక్ డెంప్సీ అనే మహా యోధుణ్ణి జీన్ టనీ ఓడించాడు. టనీ పుస్తకాలు చదువుకునే రకం. అంచేత చాలామంది అతన్ని లెక్కలోకి తీసుకోలేదు. వాచిపోయిన మొహంతో ఇంటికి చేరిన డెంప్సీని భార్య ఏమైందని అడిగితే, తల వంచటం మరిచిపోయానని చెప్పాడట. ఏ మొగుడైనా భార్యకి ఇంత నిజాయితీగా సంజాయిషీ చెప్పటం అరుదు. 1981లో తుపాకి గుండు తగిలిన రీగన్ తన భార్యతో ఆ మాటే అన్నాడు. సరే, మరుసటి ఏడు చికాగోలో వాళ్ళిద్దరూ మళ్ళీ తలపడ్డారు. ఈసారి టనీ పడ్డాడు. కాని డెంప్సీ దూరంగా మూలకి పొమ్మంటే పోకుండా, పడ్డవాడి నెత్తిమీదే నిలబడ్డాడు. అతను కదిలేదాకా రిఫరీ లెక్క మొదలుపెట్టలేదు. ఆ కాస్త వ్యవధిలో టనీ తేరుకుని, తొమ్మిదికి లేచి, చివరికి గెలిచాడు. పడ్డవాణ్ణి వదిలి పక్కకి జరగలేనివాడు ఎంత నష్టపోతాడో చెప్పటానికి ఇంతకన్నా కథ అక్కరలేదు.

ఇక రెండో సంగతి, వెనకాల వుండేవాళ్ళు. మూడు నిమిషాల రౌండు కాగానే ఒక్క నిమిషం విశ్రాంతి. తన మూలకి వచ్చి స్టూలుమీద కూర్చుంటాడు. అక్కడ ఇద్దరు ముగ్గురు మనుషులు, నీళ్ళసీసా, తువ్వాలు, ఐసు, వాపు అణచటానికి చల్లటి ఇనపబిళ్ళ. ఆ నిమిషంలో మొహం తుడుస్తారు, నీళ్ళు పడతారు, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెవిలో చెప్పి మళ్ళీ పంపుతారు. వాళ్ళ భాషలో దీన్ని 'కార్నర్' అంటారు. మన భాషలో పుట్టిల్లు అనుకోండి.

టోక్యోలో టైసన్‌కి లోపించింది ఇదే. అతన్ని పైకి తెచ్చిన పాత గురువుల్లో ఒకరు పోయారు, ఇంకొకర్ని తనే పంపేశాడు. ఆ రోజు వెనకాల వున్నవాళ్ళు వాపుకి పెట్టే ఇనపబిళ్ళ తేవటమే మరిచిపోయారు. అతని కన్ను మూసుకుపోతుంటే ఒక రబ్బరు తొడుగులో ఐసునీళ్ళు పోసి అద్దారు. ప్రపంచంలోకెల్లా బలవంతుడైన మనిషికి ఆ వేళకి ఐసు సంచి లేకపోయింది! తిరుపతి ప్రయాణమైతే మనం అమృతాంజనం సీసాతో సహా సర్దుకుంటాం గదా.

దీనికి పూర్తి భిన్నం 1964 ఫిబ్రవరిలో మయామీ బీచిలో జరిగింది. సోనీ లిస్టన్ అంటే హడలు. అతనికెదురు 22 ఏళ్ళ కాషియస్ క్లే. ఆ తర్వాత ముహమ్మద్ అలీగా పేరు మార్చుకున్నవాడే. పందెం 7కి 1. నాలుగో రౌండు చివర క్లే కళ్ళు భగ్గుమన్నాయి. లిస్టన్ ఒంటికి రాసిన మందేదో కళ్ళలో పడిందంటారు. ఏమీ కనపడటం లేదు, గ్లౌజులు కోసెయ్యండి, నేనాడనని గోల పెట్టాడు. వెనకాల వున్న ఏంజెలో డండీ స్పాంజితో కళ్ళు కడిగి, దూరంగా తిరుగుతూ వుండమని చెప్పి, వీపుమీద చెయ్యివేసి రింగులోకి నెట్టాడు. ఆ రౌండంతా కళ్ళు చికిలిస్తూ తప్పించుకు తిరిగాడు. చూపు తేటపడింది. ఏడో రౌండు గంట కొట్టేసరికి స్టూలుమీంచి లేవనిది లిస్టన్! భుజం పట్టేసిందన్నాడు. ఆ నిమిషంలో డండీ నెట్టకపోతే అలీ అనే మనిషిని మనం ఎప్పుడు చూసేవాళ్ళమో ఎవరు చెప్పగలరు?

రింగులో పడ్డవాడికి లెక్కపెట్టటానికి రిఫరీ వుంటాడు. బయట పడ్డవాడికి ఎవరుంటారు? జేమ్స్ బ్రాడక్ అనే అతను అలా బయట పడ్డాడు. 1930ల్లో అమెరికాలో పనులు లేక జనం అల్లాడిపోతున్న కాలం. కుడిచెయ్యి విరిగి, పోటీలు పోయి, రేవులో మూటలు మోశాడు. భార్యా, ముగ్గురు పిల్లలూ. ప్రభుత్వం పేదలకిచ్చే సాయం డబ్బు తీసుకున్నాడు. కుడిచెయ్యి పనిచెయ్యక ఎడంచేత్తో మోస్తూండటంవల్ల ఆ చెయ్యి బలపడిందట. 1935 జూన్ 13న, పందెం 10కి 1 వున్నప్పుడు, మాక్స్ బేర్‌ని పదిహేను రౌండ్లు ఎదుర్కొని ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చేతికి డబ్బు రాగానే ఆ సాయం తాలూకు సొమ్ము లెక్కకట్టి ప్రభుత్వానికి తిరిగి కట్టేశాడు. ఈ మాట విన్నప్పుడు మా అత్తగారు "ఇంటావిడ మంచిదై వుంటుంది" అన్నారు. ఛాంపియన్ అయిన సంగతి ఆవిడకంత ఆనలేదు.

మా అత్తగారికి ఈ పది అంకెలమీద అంత గురి ఎందుకో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట మా చిన్నాడపడుచు భర్త పోయాడు. ఆమెకి ముప్ఫై. పిల్లాడికి ఆరు, పిల్లకి మూడు. పన్నెండో రోజు భోజనాలు కాకముందే వరండాలో పందేలు మొదలయ్యాయి. "ఇది లేచే మనిషి కాదు" అన్నారొకరు. "ఆరు నెల్లలో అన్నగారింటికి చేరుతుంది, చూస్తూండండి" అన్నారింకొకరు. పిల్లాణ్ణి ఒకరింట్లో, పిల్లని మరొకరింట్లో వుంచితే సరిపోతుందని పంపకాలు కూడా అయిపోయాయి. అప్పటికి మూడు కూడా లెక్కపెట్టలేదు సుమండీ!

మా అత్తగారు ఎవరితోనూ వాదించలేదు. చిన్న పెట్టె సర్దుకుని కూతురుండే రెండుగదుల వాటాకి వెళ్ళారు. మా ఆడపడుచు గోడవైపు తిరిగి పడుకుని వుండేది. నెల కాదు, రెణ్ణెల్లు కాదు, నాలుగు నెల్లు. పొద్దున్నే పిల్లలకి నీళ్ళుపోసి, బడికి పంపి, కూతురి పక్కన కాఫీ పెట్టేవారు. ఒకోరోజు తాగేది, ఒకోరోజు చల్లారిపోయేది. శుక్రవారం తలకి నూనె రాసేవారు. "లేవే" అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. వచ్చినవాళ్ళు "ఎన్నాళ్ళిలా?" అని సణిగితే "దానికి ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళు" అనేవారు. నేను ఆదివారాలు వెళ్ళి రెండు కూరలు చేసి పెట్టి వచ్చేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్న ఆవిడ వంటింట్లోకి వెళ్ళేసరికి కూతురు స్టవ్ దగ్గర నిలబడి పిల్లాడి టిఫిన్‌డబ్బా సర్దుతోంది. ఆవిడ ఏమీ అనకుండా వెనక్కొచ్చి కూర్చున్నారట. భర్త పనిచేసిన ఆఫీసులోనే చిన్న ఉద్యోగం ఇస్తామంటే చేరింది. మధ్యాహ్నం భోజనం వేళల్లో కంప్యూటరు నేర్చుకుంది. మూడేళ్ళకి పరీక్ష రాసి ఒక మెట్టు పైకెక్కింది. ఇవాళ ఆ పిల్లాడు ఇంజనీరు, ఆ పిల్ల ఎమ్మెస్సీ. వరండాలో పందేలు కాసినవాళ్ళు ఇప్పుడు "దాని ధైర్యం మాకు మొదటినించీ తెలుసు" అంటూంటారు.

ఇంతవరకూ చెప్పి ఆపితే సగమే చెప్పినట్టవుతుంది. ఎంత కొట్టినా లేవటమే గొప్ప అనుకుంటే అదీ ప్రమాదమే. 1982 నవంబరులో లాస్‌వేగాస్‌లో డుక్ కూ కిమ్ అనే కొరియా కుర్రాడు రే మాన్సినీ మీద పోటీకి వచ్చాడు. గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. రౌండు తర్వాత రౌండు నిలబడ్డాడు. పద్నాలుగో రౌండులో పడి, తాళ్ళు పట్టుకుని లేచాడు కూడా. లేచినవాడు మళ్ళీ స్పృహలో లేడు. నాలుగో రోజుకి ప్రాణం పోయింది. ఆ ఘోరం తర్వాతే ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ పదిహేను రౌండ్ల పోటీలని పన్నెండుకి తగ్గించింది.

దానికి ఏడేళ్ళ ముందు, 1975లో, మనీలాలో అలీ, జో ఫ్రేజియర్ పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. ఫ్రేజియర్ కళ్ళు మూసుకుపోయాయి. ఇంకొక్క రౌండే కదా, వెళ్తానన్నాడు. అతని గురువు ఎడ్డీ ఫచ్ భుజంమీద చెయ్యివేసి కూర్చోబెట్టేశాడు. ఓటమి ఒప్పుకున్నాడు. అవతల అలీ కూడా నిలబడలేని స్థితిలోనే వున్నాడని తర్వాత అందరూ అన్నారు. అనుకోనివ్వండి. ఫ్రేజియర్ మరో ముప్ఫై ఆరేళ్ళు బతికాడు.

మా ఆడపడుచు ఉద్యోగంలో కుదురుకున్నాక సాయంత్రం ట్యూషన్లు, రాత్రి కుట్టుపని కూడా పెట్టుకుంది. లోకానికి చూపించాలని పంతం. ఒకరాత్రి మిషనుమీదే తల వాల్చేసింది. అప్పుడూ మా అత్తగారే వెళ్ళి మిషనుమీద దుప్పటి కప్పి, "చాలు. ఇంక కూర్చో" అన్నారు. లేవమనకుండా కూర్చున్న మనిషే కూర్చోమని చెప్పగలిగింది. మిగతావాళ్ళకి ఆ హక్కు ఎక్కడుంది?

మరి గెలిచాక ఏమైందంటారా? అదీ చెప్పాలి. టైసన్ని ఓడించిన డగ్లస్ ఎనిమిది నెలల్లో, దాదాపు పదిహేను పౌన్లు ఒళ్ళు పెంచుకుని, ఇవాండర్ హోలీఫీల్డ్ చేతిలో మూడో రౌండులోనే పడ్డాడు. లేవలేదు. 1978 ఫిబ్రవరిలో, అది ఎనిమిదో పోటీయే అయినా, అలీని ఓడించిన లియన్ స్పింక్స్ సెప్టెంబరులో అలీకే ఆ కిరీటం తిరిగి అప్పగించాడు. 2001 ఏప్రిల్లో దక్షిణాఫ్రికాలో హసీం రహ్మాన్ లెనాక్స్ లూయిస్‌ని ఒక్క దెబ్బకి పడగొట్టాడు. నవంబరులో లూయిస్ బాకీ తీర్చుకున్నాడు. 2019 జూన్‌లో ఆండీ రూయిజ్ అనే బొద్దుమనిషి, ఇంకొకరు రావలసిన చోటికి నెలరోజుల ముందు ఖాయమై, న్యూయార్కులో కండలవీరుడు ఆంథొనీ జాషువాని ఎదుర్కొన్నాడు. మూడో రౌండులో పడ్డాడు, లేచాడు, అదే రౌండులో జాషువాని రెండుసార్లు పడగొట్టి, ఏడో రౌండుకల్లా గెలిచాడు. డిసెంబరులో మళ్ళీ పోటీకి వచ్చేసరికి అంతకుముందున్న 268 పౌన్లూ 283 అయ్యాయి. ఓడిపోయి, సంబరాలు ఎక్కువయ్యాయని తనే ఒప్పుకున్నాడు.

"ఎందుకిలా అవుతారు బామ్మా?" అని మావాడు అడిగాడు. ఈసారి నవ్వటానికి కాదు, నిజంగానే అడిగాడు.

"పడ్డప్పుడైతే లెక్కపెట్టేవాడుంటాడు. విందుల్లో పడ్డవాడికి ఎవరు లెక్కపెడతారురా?" అన్నారావిడ.

వీళ్ళందర్లోకీ నాకు నచ్చినవాడు జార్జ్ ఫోర్‌మన్. 1974లో కిన్షాసాలో ఓడిపోయింది అతను. అప్పటికతను 40 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. 32 ఏళ్ళ అలీని చంపేస్తాడేమోనని అలీ మనుషులే భయపడ్డారట. అలీ తాళ్ళకి ఆనుకుని, మొహం కాచుకుంటూ, కొట్టవయ్యా కొట్టు అన్నట్టు నిలబడ్డాడు. కొట్టి కొట్టి ఫోర్‌మన్ చేతులు బరువెక్కాక, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఫోర్‌మన్ లేచేసరికి లెక్క పూర్తయింది. ఆ తర్వాత మూడేళ్ళకి ఆట మానేసి, చర్చిలో బోధకుడయ్యాడు. పదేళ్ళు గ్లౌజులు ముట్టలేదు. మళ్ళీ వచ్చినప్పుడు 38 ఏళ్ళు, నున్నటి గుండు, ముందుకొచ్చిన బొజ్జ. జనం నవ్వారు. 1994 నవంబరు 5న, 45 ఏళ్ళ వయసులో, కిన్షాసాలో ఓడినప్పటి ఎర్ర నిక్కరే వేసుకుని, తనకంటే 19 ఏళ్ళు చిన్నవాడైన మైకేల్ మూరర్ మీదికి వెళ్ళాడు. తొమ్మిది రౌండ్లు వెనకబడే వున్నాడు. పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బ. మూరర్ లేవలేదు. ఫోర్‌మన్ తన మూలకి వెళ్ళి మోకాళ్ళమీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత తన పేరుతో ఒక కరెంటు గ్రిల్లు అమ్మి, బాక్సింగులో కంటే ఎక్కువ సంపాదించాడు. వంటింటి సామానులో ఎంత డబ్బుందో మగవాళ్ళకి అలా తెలిసింది. అయిదుగురు కొడుకులకీ జార్జ్ అనే పేరు పెట్టాడు. పిలిస్తే ఎవరు పలుకుతారో ఆ తల్లులకే తెలియాలి! 2025 మార్చిలో పోయాడు.

అంటే, పది పూర్తిగా లెక్కపెట్టేసినా కథ అయిపోయినట్టు కాదన్నమాట. ఆ పోటీ అయిపోతుంది. మనిషి అయిపోడు. ఒక్కొక్కడికి తొమ్మిది సెకన్లు చాలు, ఒకామెకి నాలుగు నెలలు పట్టింది, ఇంకొకడికి ఇరవై ఏళ్ళు.

అంచేత, ఈసారి ఏ పెళ్ళిలోనో, ఏ పరామర్శలోనో, మీ పక్కన కూర్చున్నావిడ విసనకర్ర విసురుకుంటూ "ఫలానా వాళ్ళమ్మాయి పని అయిపోయిందిటమ్మా" అంటే, వాదించకండి. తాంబూలం అందిస్తూ, మర్యాదగా ఒక్క మాట అడగండి.

"ఎంతదాకా లెక్కపెట్టారు పిన్నిగారూ?"